మైలుతుత్తం, సున్నం, ఒక ఇనుప మేకు: బోర్డో పేస్టు ప్రాజెక్టు డైరీ

ఆదివారం

బావ తోట పర్లాకిమిడి నుంచి కాశీనగరం వెళ్ళే దారిలో ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాని ఊడ్చేసినప్పుడు ఆ తోటలో నిలబడ్డ కొబ్బరి చెట్లు కొన్నే. వాటిలో రెండింటికి ఈ వానల్లో మొవ్వు కుళ్ళు పట్టింది. నడి మొవ్వు వాడిపోయి, పట్టుకుని లాగితే చేతికి ఊడి వచ్చేస్తోంది. అడుగున ఒకటే కుళ్ళు వాసన. మందు అందరికీ తెలిసినదే. కుళ్ళిన భాగం శుభ్రంగా కోసేసి బోర్డో పేస్టు రాయాలి. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్ళలో, 100 గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో. రెండూ కలిపితే లీటరు పేస్టు.

మేనకోడలు ప్లస్ టూ మొదటి ఏడాది. క్లాసులో ఇప్పుడే మోల్ పాఠం, అంటే కణాల్ని లెక్కపెట్టే కొలత పాఠం, అయింది. మందు కొలత వినగానే, "వందకి వంద అంటున్నారు, ఈ రెండూ కలిసే చర్య సమీకరణంలో కూడా ఒకటికి ఒకటే ఉంది. అందుకేనా మావయ్యా?" అని అడిగింది. నేను ఏళ్ళ తరబడి ప్లస్ టూ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతున్నాను. ఈ ప్రశ్న ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. పరీక్షలో మార్కులు పోయేది సరిగ్గా ఇక్కడే. సమీకరణంలో ఉన్న ఒకటి గ్రాములని ఎవరూ చెప్పరు, అయినా చెయ్యి గ్రాముల వైపే పోతుంది. అందుకని చెట్లకి మందు రాసేలోపు ఈ లెక్కంతా చేత్తో చేసి చూద్దామనుకున్నాం. పక్కింటి కుర్రాడు కూడా చేరాడు. వాడిది ఒడియా మీడియం, మా పిల్లది ఇంగ్లిష్ మీడియం. ఇళ్ళల్లో ఇద్దరిదీ తెలుగే కాబట్టి నోట్సు తెలుగులోనే రాస్తున్నాం.

మొదటి లెక్క కాగితం మీద.

మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్ స్ఫటికం. ఒక్కో కాపర్ సల్ఫేట్ వెంట అయిదు నీటి అణువులు ఉంటాయి. కాపర్ 63.55, సల్ఫర్ 32.06, నాలుగు ఆక్సిజన్లు 64, అయిదు నీళ్ళకి 90.08 కలిపితే మోలుకి 249.7 గ్రాములు. తడి సున్నం కాల్షియం హైడ్రాక్సైడ్, మోలుకి 74.1 గ్రాములు.

100 గ్రాముల మైలుతుత్తాన్ని 249.7 తో భాగిస్తే 0.4005 మోల్. 100 గ్రాముల సున్నాన్ని 74.1 తో భాగిస్తే 1.35 మోల్. పాఠ్యపుస్తకం సమీకరణం ప్రకారం కాపర్ సల్ఫేట్ ఒక మోలుకి సున్నం ఒక మోల్ చాలు, కాపర్ హైడ్రాక్సైడూ కాల్షియం సల్ఫేటూ వస్తాయి. అంటే 0.4005 మోల్ సున్నం సరిపోతుంది. దాన్ని మళ్ళీ 74.1 తో గుణిస్తే 29.7 గ్రాములు. మనం వేస్తున్నది వంద.

కుర్రాడికి ఇది నచ్చలేదు. "రెండూ వందే కదా, ఒకదాంట్లో మూడు రెట్లు ఎక్కువ ఎలా ఉంటాయి సార్?" అన్నాడు. వాళ్ళ నాన్న కొబ్బరి వ్యాపారం. కాయలు లెక్కన కొంటాడు, ఎండు కొబ్బరి తూకంలో అమ్ముతాడు. వంద కిలోల పెద్ద కాయలూ వంద కిలోల చిన్న కాయలూ రెండు కుప్పలు పోస్తే ఏ కుప్పలో ఎక్కువ కాయలుంటాయని అడిగాను. ఇంక అక్కడ ఆగలేదు, మిగతాది వాడే చెప్పాడు. రసాయన చర్య కాయల లెక్క చూస్తుంది, కాటా బరువు చూస్తుంది. ఒక దాన్నించి ఇంకో దానికి వెళ్ళాలంటే మోలార్ ద్రవ్యరాశి, అంటే ఒక మోల్ ఎన్ని గ్రాములో ఆ అంకె, కావాలి. గ్రాములనించి మోలుకి వెళ్ళేటప్పుడు భాగించాలి, మోలునించి గ్రాములకి వచ్చేటప్పుడు గుణించాలి. మధ్యలో సమీకరణం నిష్పత్తి వాడాలి. ఆ నిష్పత్తి మోలు దగ్గరే పనిచేస్తుంది, గ్రాముల దగ్గర పనికిరాదు.

ఆ కాయల లెక్క ఎంతో కూడా రాసి పెట్టుకున్నాం. ఒక మోల్ అంటే 6.02214076 × 10²³ కణాలు. 2019 మే 20 నుంచి ఇదే నిర్వచనం. అంతకు ముందు 12 గ్రాముల కార్బన్-12 లో ఎన్ని పరమాణువులు ఉంటే అన్ని అని చెప్పేవారు. ఇద్దరి పుస్తకాల్లోనూ అంకె ఒకటే ఉంది.

సోమవారం

సామాను కొన్నాం. మైలుతుత్తం ఇక్కడి ఎరువుల కొట్లోనే దొరికింది. కాల్చిన సున్నపు రాళ్ళు మాత్రం మహేంద్రతనయ ఏరు దాటి పాతపట్నంలో తెచ్చాను. ఇంట్లో వెల్లవేయడానికి కొని, సగం వాడి వదిలేసిన పాత సున్నం బస్తా ఒకటుంది, దాన్నీ లెక్కలోకి తీసుకున్నాం. కాటా నగల కొట్లో వాడే లాంటి చిన్న డిజిటల్ది. 0.01 గ్రాము వరకూ చూపిస్తుంది, 200 గ్రాములు దాటితే తీసుకోదు. లిట్మస్ కాగితాలు (ఎర్రది క్షారం తగిలితే నీలమవుతుంది), వడపోత కాగితాలు, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం నేను పాఠం చెప్పే చోట ల్యాబ్‌లో అడిగి తెచ్చాను.

ఇదంతా పెరట్లోనే, రేకుల కింద. మైలుతుత్తం విషం. దానికి వాడిన గిన్నె మళ్ళీ వంటింట్లోకి వెళ్ళకూడదు. అక్క ఒక పాత పింగాణీ గిన్నె ఇచ్చి, ఇక ఇది నాకు వద్దు అని ముందే చెప్పేసింది. స్టీలు, ఇనుప గిన్నెలు పనికిరావు. ఎందుకో మేకు దగ్గర తెలుస్తుంది.

మంగళవారం సాయంత్రం

ఈ రోజు అయిదు నీళ్ళ సంగతి. పుస్తకంలో అయిదని రాశారు, మేం కొన్నదానిలో నిజంగా అయిదున్నాయా? ఇది తేలకపోతే 249.7 అన్న అంకెకి దిక్కు లేదు. నీళ్ళు లేని కాపర్ సల్ఫేట్ అయితే మోలుకి 159.6 గ్రాములే, అప్పుడు వంద గ్రాముల్లో 0.627 మోల్ ఉండాలి. మొత్తం లెక్క మారిపోతుంది.

ఖాళీ గిన్నె 41.36 గ్రాములు. మెత్తగా నూరిన మైలుతుత్తం వేశాక 46.36. సరిగ్గా 5.00 గ్రాములు, అంటే 0.0200 మోల్. ఇనుప మూకుడులో ఇసుక పోసి, ఆ ఇసుకలో గిన్నె సగం దాకా కూర్చోబెట్టి, గ్యాసు చిన్న మంట మీద పెట్టాం. నేరుగా మంట తగిలితే స్ఫటికాలు చిటపటలాడి ఎగిరిపోతాయి, తూకం పాడవుతుంది.

నీలం అంచుల దగ్గర ముందు పోయింది. పొడి పైకి ఉబ్బినట్టయి, పాలిపోయి, కొంచెం నీలి ఛాయ మిగిలిన తెలుపుకి వచ్చి అక్కడ ఆగింది. పిల్లలు అయిపోయిందన్నారు. చల్లారబెట్టి తూస్తే 44.91. మళ్ళీ అదే మంట మీద కాసేపు ఉంచి తూసినా 44.91 దగ్గరే ఉంది. తగ్గింది 1.45 గ్రాములు. నీటి మోలార్ ద్రవ్యరాశి 18.02 తో భాగిస్తే 0.0805 మోల్. దాన్ని 0.0200 తో భాగిస్తే 4.02.

నాలుగు. అయిదు కాదు, నాలుగున్నర కాదు, నాలుగు.

మేనకోడలు మొహం చూడాలి. "పుస్తకం తప్పా?" అంది. మంట పెంచమన్నాను. వందో డిగ్రీ దాటాక నాలుగు నీళ్ళు పోతాయి. అయిదోదాన్ని లవణం గట్టిగా పట్టుకుని ఉంటుంది, అది వదలాలంటే రెండు వందల డిగ్రీలు దాటాలి. ఇసుక బాగా వేడెక్కాక ఆ మిగిలిన నీలి ఛాయ కూడా పోయి పొడి బూడిద తెలుపుకి వచ్చింది. చల్లారగానే, ఆలస్యం చేయకుండా తూస్తే 44.56. మొత్తం తగ్గింది 1.80 గ్రాములు, అంటే 0.0999 మోల్. 0.0200 తో భాగిస్తే 4.99.

గ్రాముల్లో చూస్తే 1.45, 1.80 అనే రెండు అంకెలకి అర్థమే లేదు. మోలులోకి మారిస్తే నాలుగు, అయిదు అని నోరు తెరిచి చెబుతున్నాయి. మోల్ ఎందుకు అని అడిగిన పిల్లలకి నేను ఇక ముందు చూపించబోయేది ఈ రెండు తూకాలే. డిగ్రీ చదివిన వాళ్ళలో కూడా చాలామంది మధ్యలో నాలుగు దగ్గర ఆగే మెట్టు కళ్ళారా చూసి ఉండరు, ఎందుకంటే ల్యాబ్‌లో బర్నర్ గట్టిగా పెట్టి ఒకేసారి కానిచ్చేస్తారు.

కాటా మీద గిన్నె వదిలేస్తే అంకె నెమ్మదిగా పైకి పాకింది. 44.58, 44.61. బయట వాన, గాలి నిండా తేమ. లవణం పోగొట్టుకున్న నీటిని గాలిలోంచే లాక్కుంటోంది. చివర్లో కుర్రాడు ఒక్క చుక్క నీరు వేశాడు. పడ్డ చోట నీలం తిరిగి వచ్చింది, గిన్నె అడుగు వేడెక్కింది.

దీనివల్ల తేలిన ఇంకో సంగతి బావకి చెప్పాను. వంద గ్రాముల మైలుతుత్తం కొంటే అందులో 36 గ్రాములు నీళ్ళే. మందుగా పనిచేసే రాగి 25.5 గ్రాములు. "అయితే నీళ్ళు కొంటున్నామన్నమాట" అన్నాడు. అందులో మోసం ఏమీ లేదు, స్ఫటికం కట్టిందే ఆ నీళ్ళతో అని చెప్పాను.

గురువారం

సున్నం. అసలు తంటా అంతా దీనితోనే.

పాతపట్నం రాళ్ళు పొడి సున్నం, కాల్షియం ఆక్సైడ్, మోలుకి 56.1 గ్రాములు. తెల్లగా బరువు తక్కువగా ఉన్న ముక్కలు ఏరి 200 గ్రాములు తీసుకున్నాం. 200 ని 56.1 తో భాగిస్తే 3.57 మోల్. ఒక్కో మోలుకి ఒక్కో మోల్ నీరు, అంటే 64 గ్రాముల నీరు చాలు. కానీ రాయి నీరు తాగగానే ఉడికిపోతుంది, నీటిలో పెద్ద భాగం ఆవిరై పోతుంది, అందుకని ఇంచుమించు రెట్టింపు నీరు కొద్దికొద్దిగా చల్లాం. రాళ్ళు చిట్లి, పగిలి, పొగలు కక్కి, మెత్తటి పొడిగా రాలిపోయాయి. ఈ పని దగ్గర కళ్ళద్దాలు తప్పనిసరి. సున్నం కంట్లో పడితే చూపే పోతుంది. పిల్లలిద్దరినీ రెండు బారల దూరంలో నిలబెట్టాను. పొడిని ఇసుక మీద కాస్త ఆరబెట్టి, మూత బిగుతుగా ఉండే సీసాలో వేసేశాం.

మూత ఎందుకంటే, తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుని మెల్లగా మళ్ళీ కాల్చక ముందటి సున్నపురాయి, అంటే కాల్షియం కార్బొనేట్, అయిపోతుంది. 74.1 గ్రాములది 100.1 గ్రాములు అవుతుంది. బస్తా బరువు పెరుగుతుంది, మందుకి పనికొచ్చే సున్నం తగ్గుతుంది. వెల్లవేస్తే గోడ గట్టిపడేది కూడా ఈ మార్పువల్లే, గోడకి అది మేలు. బస్తాలోనే అయిపోతే మనకి నష్టం.

పాత బస్తాలో ఎంత అలా అయిపోయిందో కొలవచ్చు. ఆమ్లంలో వేస్తే సున్నపురాయి భాగం మాత్రమే గ్యాసు వదులుతుంది, తడి సున్నం నిశ్శబ్దంగా కరిగిపోతుంది. పోయిన గ్యాసు బరువు తెలిస్తే వెనక్కి లెక్క కట్టొచ్చు.

ప్లాస్టిక్ కప్పులో 80 గ్రాముల ఆమ్లం, పక్కన కాగితం మీద పాత సున్నం 5.00 గ్రాములు, రెండూ కలిపి తూకం రాసుకున్నాం. తర్వాత చిటికెడు చిటికెడుగా వేశాం. ఒకేసారి కుమ్మరిస్తే నురగతో పాటు చుక్కలు కూడా ఎగురుతాయి, వాటి బరువు గ్యాసు ఖాతాలో పడుతుంది. కప్పు మూతికి వదులుగా దూది పెట్టి, మధ్యమధ్య తిప్పుతూ అరగంట ఉంచాం. తిప్పకపోతే కొంత గ్యాసు నీటిలోనే కరిగి ఉండిపోతుంది, తూకం తక్కువ చూపిస్తుంది.

తగ్గుదల 0.71 గ్రాములు. కార్బన్ డయాక్సైడ్ 44.01, కాబట్టి 0.0161 మోల్. ఒక మోల్ గ్యాసుకి ఒక మోల్ సున్నపురాయి. 0.0161 ని 100.1 తో గుణిస్తే 1.61 గ్రాములు. అయిదు గ్రాముల్లో 1.61 అంటే 32 శాతం అప్పటికే రాయి అయిపోయింది. కరగని ఇసుక, మట్టి వడపోసి ఆరబెడితే ఇంకో 0.20. మిగిలింది 3.19 గ్రాములు, ఎక్కువలో ఎక్కువ 64 శాతం తడి సున్నం.

సీసాలోని కొత్త సున్నానికి ఇదే పరీక్ష చేస్తే తగ్గుదల 0.05 గ్రాములే. రాయి 2.3 శాతం, కొంచెం మట్టి. 97 శాతం నికరం. నీడలో మూత లేకుండా పడున్న బస్తాకీ దీనికీ ఎంత తేడా!

మేనకోడలు ఈ మొత్తం తానే చేసింది. గ్రాములు, మోలు, నిష్పత్తి, మళ్ళీ గ్రాములు అని నాలుగు గళ్ళు గీసుకుని నింపింది. సమీకరణం రాయకుండా లెక్క మొదలుపెట్టకూడదని నేను క్లాసులో పదేపదే చెబుతాను. నాలుగు గళ్ళు ఉంటే ఆ మాట చెప్పక్కర్లేదు, మూడో గడి నిండాలంటే సమీకరణం కావాల్సిందే.

శనివారం, ఆదివారం

ఇప్పుడు అసలు ప్రశ్న. 100 గ్రాముల మైలుతుత్తానికి కాగితం 29.7 గ్రాముల సున్నం అంటోంది. అది నిజమేనా?

తోటల్లో పాత పరీక్ష ఒకటుంది. కలిపిన మందులో మెరిసే ఇనుప కత్తి గానీ మేకు గానీ ముంచుతారు. దాని మీద ఎర్రటి పూత పడితే రాగి ఇంకా కరిగే ఉందన్నట్టు, సున్నం చాలలేదు. అలాంటి మందు కొడితే ఆకు మాడుతుంది. ఇనుము కరిగి రాగి బయటికి రావడమే ఆ ఎర్ర పూత. మైలుతుత్తాన్ని ఇనుప బకెట్లో కలపకూడదనేది కూడా ఇందుకే.

అయిదు ప్లాస్టిక్ డబ్బాలు పెట్టాం. ఒక్కో దాంట్లో 200 గ్రాముల నీరు, 5.00 గ్రాముల మైలుతుత్తం, అంటే 0.0200 మోల్. సున్నం మాత్రం అయిదింటికీ వేరు. రాగి మోలులో సగానికి 0.74 గ్రాములు, తర్వాత 1.00, 1.11, 1.25, చివరికి సమానమైన మోలుకి 1.48. కొత్త సున్నం 97 శాతమే కాబట్టి ప్రతి తూకాన్నీ 0.97 తో భాగించి వేశాం, 1.48 బదులు 1.53 లాగ. సున్నాన్ని ముందు కొంచెం నీటిలో పాలలా కలిపి, మైలుతుత్తం నీటిని అందులో పోసి, వెదురు పుల్లతో తిప్పి, రాత్రంతా వదిలేశాం. మధ్యలో లేచి తిప్పిన వాళ్ళు తిప్పారు. సున్నం రేణువు చుట్టూ నీలి అవక్షేపం (కరగకుండా అడుగుకి దిగే పదార్థం) పొరలా కట్టుకుంటే లోపలి సున్నం పనిలోకి రాదు, అందుకని తిప్పడం ముఖ్యం.

పొద్దున వడపోశాం. మొదటి డబ్బా నీరు ఇంకా నీలంగానే ఉంది. గరుకు కాగితంతో రుద్దిన మేకు ముంచి తీస్తే నిమిషంలో ఎర్రబడింది. రెండో దాని నీరు లేత నీలం, మేకు మీద పల్చటి ఎర్ర పొర. మూడో డబ్బా, 1.11 గ్రాములది. అందులో నీరు తేటగా ఉంది. మేకు ముంచాం, పది నిమిషాలు ఉంచాం, మెరుపు మెరుపుగానే ఉంది. నాలుగు, అయిదు కూడా అంతే. ఎర్ర లిట్మస్ నాలుగులో, అయిదులో నీలంగా మారింది, మూడులో మారలేదు.

రాగి అంతా దిగిపోయింది 1.48 దగ్గర కాదు, 1.11 దగ్గరే. మోలులోకి మార్చండి. 1.11 ని 74.1 తో భాగిస్తే 0.0150. రాగి 0.0200. మూడుకి నాలుగు.

"సున్నం తక్కువే సరిపోయింది, మరి పుస్తకం సమీకరణం?" అని ఇద్దరూ నా వైపు చూశారు. ఈ మూడుకి నాలుగు అన్న నిష్పత్తే జవాబు చెబుతుంది. నాలుగు కాపర్ సల్ఫేట్లకి మూడు సున్నాలు. ఒక్కో సున్నంలో రెండు హైడ్రాక్సైడ్లు, మొత్తం ఆరు. నాలుగు రాగి అయాన్లకి ఎనిమిది ధనావేశాలు, ఆరింటిని హైడ్రాక్సైడ్లు తీర్చాయి, మిగిలిన రెండింటికీ ఒక సల్ఫేటు అక్కడే ఉండిపోయింది. అంటే దిగింది ఉత్త కాపర్ హైడ్రాక్సైడ్ కాదు. నాలుగు రాగి, ఆరు హైడ్రాక్సైడ్, ఒక సల్ఫేటు ఉన్న క్షార కాపర్ సల్ఫేట్. ప్రకృతిలో దొరికే బ్రోకాంటైట్ అనే పచ్చటి ఖనిజం కూర్పు ఇదే. మూడో డబ్బా అడుగున ఉన్నది ఆకుపచ్చ కలిసిన నీలం, అయిదో దానిలోది ఆకాశం రంగు. సున్నం ఇంకా ఎక్కువైతే ఆ సల్ఫేటు కూడా ఊడి హైడ్రాక్సైడ్ వైపు వెళుతుంది. పాఠ్యపుస్తకం సమీకరణం చెప్పేది ఆ చివరి మెట్టు.

దీన్ని తూకంతో కూడా చూడొచ్చని కుర్రాడే అన్నాడు. 0.0200 మోల్ రాగి కాపర్ హైడ్రాక్సైడ్ అయితే, దాని మోలార్ ద్రవ్యరాశి 97.6, రావాల్సింది 1.95 గ్రాములు. బ్రోకాంటైట్ అయితే మోలుకి 452.3, నాలుగు రాగికి ఒకటి కాబట్టి 0.0050 మోల్, 2.26 గ్రాములు. కాకపోతే మూడో డబ్బా అవక్షేపంలో కాల్షియం సల్ఫేటు, అంటే జిప్సం కూడా కలిసి ఉంది. జిప్సం లీటరు నీటిలో రెండు గ్రాముల దాకా కరుగుతుంది. అందుకని అవక్షేపాన్ని వడపోత కాగితం మీదే ఉంచి, పట్టి పెట్టుకున్న వాన నీటితో ఓపికగా కడిగాం, రెండు లీటర్లు పైనే పట్టింది. ఇసుక మీద సన్నటి సెగకి ఆరబెట్టి, కాగితం బరువు తీసేస్తే 2.19 గ్రాములు. 1.95 కి దూరం, 2.26 కి దగ్గర. కాస్త పొడి కాగితానికి అంటుకుని పోయింది, అది కనిపిస్తూనే ఉంది.

ఇంటి పెరట్లో, మేకుతో, అవక్షేపం సూత్రం పట్టుకున్నారు పిల్లలు. నాకు చాలా సంతోషంగా ఉంది, ఆ మాట ఇక్కడ రాసుకుంటున్నాను.

బుధవారం

వాన తెరిపిచ్చింది. చెట్లకి మందు రాసే రోజు.

బావ డైరీ అంతా విని, "అయితే ముప్పై గ్రాముల సున్నం చాలు కదా, వంద ఎందుకు దండగ?" అన్నాడు. తగ్గించొద్దని గట్టిగా చెప్పాను. మా డబ్బాల లెక్క రాగి ఎప్పుడు దిగుతుందో చెప్పింది. చెట్టు మీద ఏది నిలుస్తుందో, లేత కణజాలాన్ని ఏది మాడ్చదో చెప్పలేదు. మందు క్షారంగానే ఉండాలి, అందుకు సున్నం మిగులు కావాలి. పైగా రైతు చేతికొచ్చే సున్నం మా పాత బస్తా లాంటిదే. అందులో 64 శాతమే పనికొస్తుంది కాబట్టి వంద గ్రాముల్లో 64 గ్రాములు, 0.86 మోల్. కావాల్సిన 0.40 కి ఇంకా రెట్టింపు ఉంది. అదే బస్తా ఇంకా పాతబడి 30 శాతానికి పడిపోతే వంద గ్రాములు వేసినా గీత మీదకి వస్తుంది. వందకి వంద అనే కొలతలో ఆ తేడాకి చోటుంది. 1885 లో ఫ్రాన్సులో బోర్డో విశ్వవిద్యాలయంలోని మిల్లార్డే ద్రాక్ష బూజు తెగులుకి ఈ మందు సంగతి ప్రకటించాడు. అప్పటినించీ తోటల్లో వాడి వాడి వచ్చిన కొలతని డబ్బా లెక్కతో కొట్టేయడం సరికాదు.

కొత్త సున్నమే వాడాం. వంద గ్రాములు అర లీటరు నీటిలో కలిపి, గుడ్డలో వడపోశాం. మైలుతుత్తం ముందు రాత్రే పలచటి గుడ్డలో మూట కట్టి ఇంకో ప్లాస్టిక్ బకెట్లో నీటి పైభాగంలో వేలాడదీశాం, అడుగున పడేస్తే కరగడానికి చాలా సేపు పడుతుంది. రెండూ మూడో బకెట్లో ఒకేసారి పోస్తూ తిప్పాం. మేకు ముంచాం, మెరుపు పోలేదు. ఎర్ర లిట్మస్ నీలమైంది.

చెట్టెక్కే మనిషి కుళ్ళిన మొవ్వుని మంచి భాగం కనిపించేదాకా కోసి, పేస్టు దట్టంగా రాసి, పైన వాన పడకుండా పాలిథిన్ కట్టాడు. కోసిన కుళ్ళు కిందే వదలకుండా కాల్చేశాం. చుట్టుపక్కల బాగున్న చెట్లకి ఒక శాతం మందు పిచికారీ చేశాం. దానికి 10 లీటర్ల నీటిలో మళ్ళీ అవే వంద గ్రాముల మైలుతుత్తం, వంద గ్రాముల సున్నం. మోలు అవే, నీరు పది రెట్లు. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడాలి, నిల్వ ఉంటే రేణువులు పెద్దవై ఆకుకి అంటుకోవు. మిగిలిన పేస్టుని, కడిగిన నీటిని చెరువు వైపు పోనివ్వలేదు. రాగి చేపల్ని చంపుతుంది. గట్టు కింద గుంట తీసి, సున్నం చల్లి పూడ్చాం.

శుక్రవారం

పిల్లలు ఇద్దరూ కలిసి తోటవాళ్ళ కోసం ఒక పట్టిక రాస్తున్నారు. ఒక పక్క సున్నం నికరం శాతం, ఇంకో పక్క వంద గ్రాముల మైలుతుత్తానికి రాగి అంతా దిగడానికి కావాల్సిన కనీస గ్రాములు. పుస్తకం నిష్పత్తితో 97 శాతానికి 31 గ్రాములు, 64 శాతానికి 46, 50 శాతానికి 59, 30 శాతానికి 99. మూడుకి నాలుగు నిష్పత్తితో ఇంకో వరుస కూడా రాద్దామంటోంది మేనకోడలు. తోటకి వెళ్ళే కాగితంలో అది వద్దు, నోట్సులో ఉంచమన్నాను. తోటలో కాగితం కింద పెద్ద అక్షరాలతో ఉండాల్సినవి రెండే, మేకు ముంచి చూడండి, సున్నం బస్తా మూతి కట్టి ఉంచండి.

మిగిలిన పని: పక్క తోటల నుంచి వచ్చిన సున్నం పొట్లాలు, కిళ్ళీ కొట్టు సున్నం, వీటికి ఆమ్లం పరీక్ష. కిళ్ళీ సున్నం తడిగా ముద్దలా ఉంటుంది కాబట్టి ముందు ఆరబెట్టి నీరు ఎంతో తీసేయాలి, లేకపోతే నీటి గ్రాములు సున్నం మోలులో కలిసిపోతాయి. ఆమ్లం సీసాలో సగం పైనే ఉంది, సరిపోతుంది. చెట్లకి కొత్త మొవ్వు వచ్చేదీ లేనిదీ తెలియడానికి వారాలు పడుతుంది. బావ పాలిథిన్ గాలికి ఊడకుండా చూస్తున్నాడు.